కొత్తగనే మిగిలిన బ్రేకు

తుక్కు దుకాణం కాంటా మీద
రెండు పెడళ్లు పక్కపక్కన పెట్టిండు జాంగీరన్న.
ఎక్సలేటరు అరిగి అరిగి
రబ్బరు పోయి, ఇనుము తేలి, నడుమ సొట్టపడ్డది.
బ్రేకు మాత్రం
నిన్ననే అట్టపెట్టెల నుంచి తీసినట్టుంది,
దాని గీతలు దానికే ఉన్నయి.

పదహారేండ్లు ఎవ్వడూ తొక్కలే దాన్ని.

పాలమూరు గడియారం చౌరస్తా వెనక
టైలరు దుకాణానికీ జిరాక్సు షాపుకూ నడుమ
పది బై పన్నెండు రేకుల గది.
బయట నలభై మూడు డిగ్రీల ఎండ,
లోపల సముద్రం ఒడ్డు పొంటి రోడ్డు.
మాలో సముద్రం చూసినోడు ఒక్కడు లేడు.
మాకు నీళ్లంటే ట్యాంకరే,
అదీ రోజు తప్పించి రోజు.
అయినా ఆ నీలం పక్కన ఎర్రకారు తోలని పోరడు
మా గల్లీల లేకుండె.

ఇత్తడి బిళ్ల ఒకటి వేస్తే డెబ్బై సెకండ్లు.
గీత దాటితే ఇంకో ముప్పై కలుస్తయి.
మాకు ఇంకెక్కడ కలిపిండ్రు టైము?
బడిల కలిపిండ్రా, అడ్డా మీద కలిపిండ్రా?

గుద్దినా సరే,
కారు గాల్లో మూడు పల్టీలు కొట్టి
మల్ల రోడ్డు మీదనే నిలబడేది
మినుకుమినుకుమనుకుంట,
ఒంటి మీద గీత లేకుండ.

గెలిచినోని పేరు మూడక్షరాలల్ల రాయాలె.
కురుమూర్తి ఎన్నడూ సగం పేరుతోనే రాజు.
కరెంటు పోతే అదీ చెరిగిపోయేది.
కరెంటు రోజూ పోయేది.
అందుకే మా దాంట్ల
ఎవని రాజ్యమూ రాత్రి దాటలే.

జనం ఎట్ల తగ్గిన్రో చెప్పరాదు.
దుకాణం మీద ఎవ్వడూ అలగలే.
ఒకనికి లగ్గమైంది,
ఒకడు పూణెకు సెంట్రింగు పనికి పోయిండు,
వాని తమ్ముడు ఫోను కొనుక్కుండు, ఇటు దిక్కు రాలే.
అన్న మొదలు మిషను మీద ఫోను కవర్లు వేలాడదీసిండు,
తర్వాత సిమ్ముకార్డుల బోర్డు,
తర్వాత సీటుల ఉల్లిగడ్డ బస్తా.
బస్తా పక్క మిర్చిబండోనిది, కిరాయి నెలకు రెండొందలు.
ఆఖరి ఏడాది ఆట కంటే
బస్తానే ఎక్కువ ఇచ్చింది.

మా అక్క కొడుకు ఇంట్ల ఒకటి ఆడుతడు.
గేరు మార్చాలె, టైరు వేడి చూడాలె,
వానపడితే జారుతది, గుద్దితే సొట్ట సొట్టనే.
"మామా, ఇది అసలు డ్రైవింగు" అంటడు.
అసలుది నేను పొద్దుమాపు చేస్తనే ఉన్న కదరా,
నెలకు పదిహేడు వేలకు.

డ్రైవింగు స్కూలు కారుల నా దిక్కు స్టీరింగు ఉండదు.
ఎక్సలేటరు ఉండదు.
ఒక్క బ్రేకు ఉంటది.
తొమ్మిదేండ్లల్ల నా చెప్పు మడిమె దిక్కు కాదు,
వేళ్ల దిక్కు అరుగుతది.

"స్టీరింగు తీస్కపోరా, గోడకు మంచిగుంటది" అన్నడు జాంగీరన్న.
వద్దన్న.
కాంటాల బ్రేకు ఎంత తూగిందో అడిగిన.
"దానికేం తూకం, తొమ్మిది వందల గ్రాములు" అని
దాన్నీ కుప్పల ఇసిరిండు.

మర్నాడు పొద్దుగాల భూత్పూరు రోడ్డు.
స్టీరింగు ముందల షంషాద్ టీచరమ్మ,
అంగన్‌వాడి, నలభై ఏడేండ్లు,
పన్నెండు రోజులుగ ఇరవై దాటని మనిషి.
ఎందుకో ఆ దినం నవ్వుకుంట తొక్కింది.
నలభై. యాభై. అరవై.
చున్నీ కొస కిటికీల కొట్టుకుంటుంది.
రోడ్డు ఖాళీ, దూరంగ లారీ కూడ లేదు,
రెండు దిక్కుల ఎర్రదుబ్బ, కంది చేను.
నా కాలు బ్రేకు మీదనే ఉంది.

మనసుల లెక్కపెట్టుకుంట కూసున్న.
డెబ్బై దాకా.
అప్పుడు తొక్కిన,
మెల్లగ.